ఓరిజెను: అనువాదములలో నిలిచిన ఆచార్యుడు

మన తిరుత్తణి పట్టణమున 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుల పేరు ఎఱుగని విద్యార్థి మన పాఠశాలలలో నుండడు. వారు తెలుగింట పుట్టి, తిరుపతిలోను, వేలూరిలోను, మద్రాసులోను క్రైస్తవ విద్యాలయములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులై, పిదప 1962 మొదలు 1967 వఱకు భారత రాష్ట్రపతి పదవి నలంకరించిరి. ఈ సంగతులు ఏటేట ఉపాధ్యాయ దినోత్సవమున మనము చెప్పుకొనునవే. కాని వారు వ్రాసిన గ్రంథములను తెఱచి చూచినవారు మనలో తక్కువ. వానిలో ఒకటి 1939లో ఇంగ్లండు దేశమున అచ్చయినది. ప్రాచ్య మతములకును పాశ్చాత్య చింతనకును గల సంబంధము దాని విషయము. అందు వారు క్రైస్తవ మతాచార్యులలో తొలితరమువారైన క్లెమెంతు, ఓరిజెను అనువారి భావములను శ్రద్ధతో పరిశీలించి, వానిని భారతీయ చింతనతో పోల్చి చూచిరి.

ఈ ఓరిజెను ఎవరు? పదునెనిమిది వందల యేండ్లనాడు ఎక్కడనో జీవించిన ఒక గ్రీకు రచయిత మన తిరుత్తణి పండితుల దృష్టి కెట్లు వచ్చెను? ఆయన చరిత్రను మన విద్యార్థులకును తలిదండ్రులకును చెప్పదలచితిమి. ఆయన క్రైస్తవ మతమునకు చెందినవాడు. మన పాఠశాలలో అన్ని మతముల పిల్లలును చదువుచున్నారు. కావున మతప్రసక్తిని అవసరమైనంత మేరకే చెప్పి, ఆయనను భాషలు నేర్చిన పండితునిగను, పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయునిగను ముఖ్యముగ చూతము. ఆయన గ్రీకుభాషయందు వ్రాసెను. నేడు మనవంటివారు ఆయనను ఇంగ్లీషున చదువుచున్నారు. ఈ రెండింటి నడుమ లాటిను భాష యొకటి నిలిచి యున్నది. ఆయన ప్రధాన గ్రంథమొకటి తాను పుట్టిన భాషలో చాలవఱకు నశించి, పరభాషలో బ్రదికెను. భాషా అల్పసంఖ్యాకులమైన మనకు ఈ కథ దూరపు కథ కాదు.

నైలు నది సముద్రమును చేరు ప్రాంతమున, క్రీస్తునకు పూర్వము 331లో అలెగ్జాండరు నెలకొల్పిన పట్టణము అలెక్సంద్రియ. గ్రీకులు, యూదులు, ఐగుప్తీయులు అచట కలసి నివసించిరి. మన దేశపు మిరియములు ఎఱ్ఱసముద్రపు రేవులలో దిగి, ఒంటెల మీదను పడవల మీదను ఆ పట్టణము చేరుచుండెను. సరకులతో పాటు కథలును మాటలును ప్రయాణము చేయును గదా! ఆ పట్టణమున చదువు చెప్పిన క్లెమెంతు తన గ్రంథమున బుద్ధుని పేరు పేర్కొనెను. యూదుల వేదగ్రంథము హీబ్రూభాషనుండి గ్రీకులోనికి పరివర్తింపబడినదియు ఆ పట్టణముననే. డెబ్బదిమంది పెద్దలు దానిని అనువదించిరను ఐతిహ్యమునుబట్టి దానికి సప్తతి అను అర్థమిచ్చు పేరు వచ్చెను. తమ మాతృభాషయైన హీబ్రూ మఱచి గ్రీకు మాత్రమే మాటలాడు యూదుల బిడ్డలకు ఆ అనువాదమే ఆధారమయ్యెను.

అట్టి పట్టణమున క్రీస్తుశకము 185 ప్రాంతమున ఓరిజెను జన్మించెను. తండ్రి పేరు లియోనిదెసు. ఆయన తన పెద్దకుమారునకు గ్రీకు సాహిత్యమును, వ్యాకరణమును, గణితమును నేర్పుచు, ప్రతిదినమును వేదగ్రంథమునందు కొంతభాగము కంఠస్థము చేయించి అప్పగింపించుకొనెడివాడు. మన పెద్దలు పిల్లలచేత పద్యములను, ఎక్కములను వల్లె వేయించినట్లే. బాలుడు అప్పగించుటతో తృప్తిపడక, ఈ వాక్యమున కింకను లోతైన అర్థము లేదా యని ప్రశ్నించెడివాడు. వయసునకు మించిన ప్రశ్నలు వేయవలదని తండ్రి పైకి మందలించుచునే, లోలోన మురిసిపోయెడివాడు. నిద్రించుచున్న కుమారుని ఱొమ్ముపై వస్త్రము తొలగించి, అది దేవుని నివాసమని భావించి ముద్దు పెట్టుకొనెడివాడని యూసేబియసు అను చరిత్రకారుడు వ్రాసెను. ఓరిజెను జీవితమును గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగము ఆ చరిత్రకారుని గ్రంథమందలి ఆఱవ సంపుటమునందే కలదు.

202వ సంవత్సరమున రోము చక్రవర్తి సెప్తిమియసు సెవేరుసు కాలమున అలెక్సంద్రియలో క్రైస్తవులకు కష్టములు వచ్చెను. లియోనిదెసు చెఱసాల పాలయ్యెను. పదునాఱు పదునేడేండ్ల ఓరిజెను తానును తండ్రితో ప్రాణములర్పింతునని బయలుదేఱ సిద్ధపడెను. తల్లి ఎంత బ్రతిమాలినను వినలేదు. అప్పుడామె ఒక యుపాయము పన్నెను. కుమారుని వస్త్రములన్నియు దాచివైచెను. బట్టలు లేక వీధిలోనికి పోజాలక బాలుడింట నిలిచిపోయెను. ఇల్లు వెడలలేక, తమ కుటుంబమును తలచుకొని మనసు మార్చుకొనవలదని తండ్రికి లేఖ వ్రాసెను. తండ్రి శిరచ్ఛేదము పొందెను. ఆస్తియంతయు ప్రభుత్వము వశము చేసికొనెను. తల్లియు, ఓరిజెనును, ఆయనకంటె చిన్నవారైన ఆఱుగురు తమ్ములును నిరాధారులైరి. పండితలోకము ఆ తల్లి పేరెఱుగదు. కాని ఆమె ఆనాడు దాచిన బట్టలే ఆ మహాపండితుని లోకమునకు మిగిల్చినవి.

ఇంటి భారము మీదబడగా ఓరిజెను చేపట్టిన వృత్తి భాషోపాధ్యాయత్వము. గ్రీకు సాహిత్యమును, వ్యాకరణమును చెప్పుచు కుటుంబమును పోషించెను. అంతలో క్రైస్తవమతమును నేర్వ వచ్చువారికి బోధించువారు పట్టణమున లేకపోయిరి. అందఱును భయముచే పాఱిపోయిరి. పదునెనిమిదేండ్ల ప్రాయముననే ఆ పాఠశాల భారము ఈయనపై పడెను. ఆయన శిష్యులలో కొందఱు మరణదండన పొందినపుడు కడవఱకు వారి వెంట నిలిచెను. కొంతకాలమునకు ఆయన సాహిత్యబోధనమును మానుకొని, ఎంతో శ్రమపడి కూర్చుకొన్న గ్రీకు గ్రంథములను విక్రయించెను. కొన్నవాడు దినమునకు నాలుగు ఓబోలుల చొప్పున చెల్లించునట్లు ఏర్పాటు చేసికొనెను. ఆ స్వల్పధనముతోనే జీవించుచు, శిష్యులనుండి ఏమియు గ్రహింపక, నేలపై నిదురించుచు, చెప్పులు లేక నడచుచు పాఠములు చెప్పెను.

పుస్తకముల నమ్మినంత మాత్రమున చదువును విడిచినవాడు కాడు. అమ్మోనియసు అను తత్త్వవేత్తయొద్ద ఆయన శుశ్రూష చేసెను. ప్లొటినసు అను ప్రసిద్ధ తత్త్వవేత్తకును ఆ అమ్మోనియసే గురువు. పర్షియనుల యొక్కయు భారతీయుల యొక్కయు తత్త్వమును నేర్వగోరి ప్లొటినసు రోము సైన్యముతో తూర్పుదిక్కునకు బయలుదేఱెననియు, ఆ దండయాత్ర విఫలమై మఱలివచ్చెననియు చరిత్ర చెప్పుచున్నది. ఓరిజెను తన మతమువారి గ్రంథములతో తృప్తినొందక, యూద పండితుల నాశ్రయించి హీబ్రూభాషను నేర్చికొనెను. ఆనాటి గ్రీకు క్రైస్తవులలో అట్టి యత్నము చేసినవారు మిక్కిలి అరుదు. అందఱును సప్తతి అనువాదముతో సరిపెట్టుకొనుచుండగా, మూలమందేమున్నదో చూడవలెనను పట్టుదల ఆయనకు కలిగెను.

ఆంబ్రోసు అను ధనికుడొకడు ఆయనకు శిష్యుడై, ఆయన బోధనలు గ్రంథరూపమున నిలువవలెనని సంకల్పించెను. ఓరిజెను చెప్పుచుండగా వంతులవారీగా వ్రాసికొనుటకు ఏడుగురికి తక్కువ కాకుండ శీఘ్రలేఖకులను, వారు వ్రాసినదానిని శుద్ధప్రతిగ వ్రాయుటకు మఱికొందఱు లేఖకులను, ముత్యములవంటి అక్షరములు వ్రాయ నేర్చిన బాలికలను తన ధనముతో నియమించెను. మన తెలుగు విద్యార్థులకు ఇచట చార్లెసు ఫిలిపు బ్రౌను దొర జ్ఞప్తికి రావలెను. ఆయనయు కడపలో తన ధనముతో పండితులను, లేఖకులను నియమించి తెలుగు తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. పుస్తకము నిలుచుటకు రచయిత యొక్కడే చాలడు. వ్రాయుటకు ధనమిచ్చువాడును, ప్రతి యెత్తువాడును, దాచువాడును కావలెను.

కీర్తి పెరిగినకొలది చిక్కులును పెరిగెను. పాలస్తీనాయందలి యెరూషలేము, కైసరయ పట్టణముల మతాధ్యక్షులు ఓరిజెనును గౌరవించి గురుపదవి యొసగిరి. అలెక్సంద్రియ అధ్యక్షుడైన దేమేత్రియసు తన యనుమతి లేక అది జరిగెనని ఆగ్రహించెను. 231 ప్రాంతమున ఓరిజెను పుట్టిన పట్టణమును విడిచి కైసరయ చేరెను. ఏబదియేండ్లకు చేరువైన వయసున పరదేశమున మఱల ఒక పాఠశాలను స్థాపించెను. న్యాయశాస్త్రము చదువబోవుచుండిన గ్రెగొరి అను యువకుడు మార్గవశమున కైసరయకు వచ్చి, ఆయన పాఠము విని, ఆ చదువును మాని కొన్ని సంవత్సరములు అచటనే నిలిచిపోయెను. స్వదేశమునకు మఱలునపుడు అతడు చేసిన వీడ్కోలు ప్రసంగము నేటికిని లభించుచున్నది. దానివలన ఓరిజెను బోధనారీతి తెలియుచున్నది. శిష్యులకు మొదట తర్కము, పిదప ప్రకృతిశాస్త్రము, జ్యామితి, ఖగోళము, నీతిశాస్త్రము నేర్పి, ఆపైన దైవవిచారమునకు కొనిపోయెడివాడు. దేవుడు లేడనువారి గ్రంథములు తప్ప, ఏ మతమువారి తత్త్వమునైనను చదివి తీఱవలెనని చెప్పెడివాడు. ఒక్కరి మాటకే కట్టుబడినవాడు సత్యమును పోల్చి చూడజాలడని ఆయన తలంపు.

ఆయన చేసిన పనులలో మన విద్యార్థులు ముఖ్యముగ గ్రహింపదగినది హెక్సాప్లా. ఆఱు వరుసలు గలది యని దాని యర్థము. యూదుల వేదగ్రంథము నంతటిని ఆయన ఆఱు నిలువు వరుసలలో ప్రక్కప్రక్కన వ్రాయించెను. మొదటి వరుస హీబ్రూ మూలము, హీబ్రూ లిపిలో. రెండవ వరుస అదే హీబ్రూ, గ్రీకు లిపిలో. మూడు, నాలుగు, ఐదు, ఆఱు వరుసలలో నాలుగు వేఱువేఱు గ్రీకు అనువాదములు. వానిలో ఐదవది ప్రసిద్ధమైన సప్తతి. మూలమున లేక అనువాదమునందు మాత్రమే యున్న భాగమున కొక గుర్తును, అనువాదమున లేక మూలమునందున్న భాగమున కింకొక గుర్తును పెట్టించెను. ఆ రెండవ గుర్తు నక్షత్రాకారము గలది. నేటి అచ్చుపుస్తకములందు మనము చూచు చుక్కగుర్తు ఆ వంశమునకు చెందినదే. ఈ గుర్తులను హోమరు కావ్యములను పరిష్కరించుటకు అలెక్సంద్రియ పండితులు పూర్వమే వాడియుండిరి. సాహిత్యోపాధ్యాయుడుగ నేర్చిన విద్యను ఓరిజెను ఈ విధముగ వినియోగించెను.

ఆ రెండవ వరుసను గూర్చి కొంచెము నిలిచి ఆలోచింతము. భాష హీబ్రూ, లిపి గ్రీకు. మన ప్రాంతమునను ఇంట తెలుగు మాటలాడుచు, వ్రాయవలసి వచ్చినపుడు తమిళ లిపిలో వ్రాసికొనువారు కలరు. త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేసికొని పాడు గాయకులును పెక్కుమంది కలరు. అట్లు వ్రాయుటవలన లాభము లేకపోలేదు. ప్రాచీన హీబ్రూ వ్రాతలో అచ్చుల గుర్తులు లేవు. కావున ఆ భాష ఆ కాలమున ఎట్లు పలుకబడెనో తెలిసికొనుటకు ఈ రెండవ వరుసలో మిగిలిన తునకలు నేటి పండితులకు సాయపడుచున్నవి. కాని గ్రీకు లిపికి హీబ్రూ ధ్వనులన్నింటిని చూపు శక్తి లేదు. తమిళ లిపిలో కడపయు గడపయు ఒక్క రీతినే వ్రాయబడును. చదువువాడు ముందే తెలుగు తెలిసినవాడైననే భేదము గుర్తింపగలడు. అందుచేతనే ఓరిజెను రెండవ వరుసను వ్రాయించియు మొదటి వరుసను తొలగింపలేదు.

ఆయన రచనలకు మితి లేదు. జెరోము అను పండితుడు తయారుచేసిన పట్టికలో ఎనిమిది వందలకు దగ్గరగా పేర్లు కలవు. వానిలో మూలతత్త్వములను గూర్చిన గ్రంథము ముఖ్యమైనది. నాలుగు భాగములు గలది. దేవుడు, లోకము, ఆత్మ, స్వేచ్ఛ, వేదగ్రంథమునకు అర్థము చెప్పు పద్ధతి అందలి విషయములు. మనుష్యునకు దేహము, ప్రాణము, ఆత్మ ఉన్నట్లు వేదవాక్యమునకును మూడు తీరుల అర్థములు కలవని ఆయన చెప్పెను. ఆత్మలు దేహమునకు పూర్వమే కలవనియు, అవి తమ ఇచ్ఛచే దైవమునకు దూరమైనవనియు, కడపట సమస్తమును దైవమును చేరగలదనియు ఆలోచించెను. వీనిలో పెక్కింటిని సిద్ధాంతములుగ శాసింపక, విచారణకు పెట్టిన ప్రశ్నలుగ వ్రాసెను. మనుష్యుడు జంతుజన్మములెత్తునను మతమును ఆయన అంగీకరింపలేదు. అయినను ఆత్మను గూర్చిన ఈ విచారము ఉపనిషత్తులు చదివిన మన రాధాకృష్ణ పండితులవంటి వారిని ఆకర్షించుటలో వింత లేదు.

248 ప్రాంతమున ఆంబ్రోసు కోరికపై ఆయన మఱియొక గ్రంథము వ్రాసెను. అంతకు సుమారు డెబ్బది యేండ్లకు పూర్వము సెల్సుసు అనునతడు క్రైస్తవమతమును తీవ్రముగ ఖండించుచు నొక గ్రంథము వ్రాసియుండెను. ఓరిజెను దానికి ఎనిమిది సంపుటములలో ప్రత్యుత్తరము చెప్పెను. మన శాస్త్రకారులు మొదట పూర్వపక్షమును చెప్పి, పిదప సిద్ధాంతమును చెప్పుదురు. ఓరిజెనును ప్రతివాది మాటలను వరుసగా ఎత్తి చూపి, ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. సెల్సుసు గ్రంథము ప్రత్యేకముగ నేడు లభింపదు. కాని ఓరిజెను ఎత్తి వ్రాసిన భాగములనుండి దానిలో అధికభాగమును పండితులు మఱల కూర్పగలిగిరి. మన దేశమున లోకాయతుల గ్రంథములు నశించినను, వారిని ఖండించినవారి గ్రంథములలో వారి వాదములు కొంత నిలిచినవి. ప్రతివాది మాటను వక్రము చేయక చెప్పినవాడు తనకు తెలియకయే ఆ మాటకు కాపరి యగును.

250వ సంవత్సరమున డీసియసు చక్రవర్తి క్రైస్తవులతో సహా సామ్రాజ్య ప్రజలు రోము దేవతలకు బలులర్పింపవలెనని ఆజ్ఞాపించెను. అఱువదియైదేండ్ల ఓరిజెనును చెఱసాలలో నుంచిరి. మెడకు ఇనుపపట్టెడ వేసిరి. కాళ్ళను బొండకొయ్యలో నాలుగవ రంధ్రము వఱకు చాచి బిగించి అనేకదినములుంచిరి. చంపివైచిన కీర్తి పెరుగును, బాధించి లొంగదీసిన కీర్తి నశించునని అధికారుల ఆలోచన. ఆయన లొంగలేదు. మఱుసటి యేట చక్రవర్తి యుద్ధమున మరణించుటతో విడుదల కలిగెను గాని దేహము శిథిలమయ్యెను. 253 లేక 254లో, అఱువదితొమ్మిదవ యేట, తూరు పట్టణమున మరణించెను.

మరణానంతర చరిత్ర ఇంకను విచిత్రమైనది. కైసరయలో పాంఫిలుసు అను విద్వాంసుడు ఓరిజెను గ్రంథములను సేకరించి, కొన్నింటిని తన చేతితోనే ప్రతి వ్రాసి, గొప్ప గ్రంథాలయమున భద్రపఱచెను. అచట హెక్సాప్లాను చూచినవారిలో జెరోము ఒకడు. నాలుగవ శతాబ్దము చివరనాటికి ఓరిజెను భావములు శాస్త్రవిరుద్ధములని వాదము చెలరేగెను. అప్పుడు రుఫీనుసు అను సన్యాసి మూలతత్త్వముల గ్రంథమును గ్రీకునుండి లాటినునకు పరివర్తించెను. ఆయన ఓరిజెనునందు భక్తి గలవాడు. ఆక్షేపణీయమని తోచిన భాగములు ఇతరులు చొప్పించినవని తలచి, కొన్నింటిని విడిచితిననియు, కొన్నింటిని సవరించితిననియు పీఠికలోనే చెప్పెను. ఆయన మిత్రుడైన జెరోము దీనికి కోపించి, అదే గ్రంథమును మాటకు మాటగ మఱల అనువదించెను. స్నేహము చెడెను. ఇద్దఱి వాదమును లోకము విన్నది.

తుదకు జరిగిన దేమి? 543లో జస్టీనియను చక్రవర్తి ఓరిజెను భావములను ఖండించుచు శాసనము చేసెను. 553లో కాన్‌స్టాంటినోపులునందు జరిగిన మహాసభనాటినుండి ఆయన పేరు నిషిద్ధుల పేర్లలో చేరెను. నిషిద్ధుడైనవాని గ్రంథములకు ప్రతులెత్తువారు తగ్గిరి. తాళపత్రమైనను, తోలుపత్రమైనను, ప్రతి యెత్తకున్న కొన్ని వందల యేండ్లలో జీర్ణించి పోవును. అట్లు మూలతత్త్వముల గ్రంథము గ్రీకున చాలవఱకు నశించెను; ఆయన అభిమానులు కూర్చిన సంకలనమొకటి, మఱికొన్ని ఉదాహృత భాగములు మాత్రము మిగిలెను. మాటకు మాటగ చేసిన జెరోము అనువాదమును తునకలు తప్ప మిగులలేదు. స్వేచ్ఛగ చేసిన రుఫీనుసు అనువాదమొక్కటే పూర్తిగా నిలిచెను. అంత పెద్దదైన హెక్సాప్లాకు పూర్తి ప్రతి యెవ్వరును ఎత్తినట్లు లేదు. అదియు నశించి తునకలుగ మిగిలెను.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందు కాలమున, అనువాదమును గూర్చిన పాఠమున నన్నయభట్టారకుని ప్రస్తావన తప్పక వచ్చెడిది. నన్నయ వ్యాసుని మాటకు మాట పెట్టక, కథను తెలుగు చేసికొనెను. దానిని మనము గుణముగనే చెప్పుకొందుము. అచట మనకు భయము లేదు. వ్యాసుని సంస్కృతభారతము ప్రక్కనే కలదు, పోల్చి చూచుకొనవచ్చును. రుఫీనుసు విషయమున అట్లు కాదు. ఆయన మార్చినదేదో, మార్చనిదేదో చూపుటకు మూలము లేదు. దీనికి మన దేశమున సరిపోలినది గుణాఢ్యుని బృహత్కథ. శాతవాహనుల నాటిదని ప్రసిద్ధి గన్న ఆ పైశాచీ గ్రంథము నశించినది. క్షేమేంద్రుడు, సోమదేవుడు సంస్కృతమున మఱల చెప్పిన కథలవలననే మనము దాని నెఱుగుదుము. అనువాదకులు లేకున్న గుణాఢ్యుడు లేడు, ఓరిజెను లేడు. కాని అనువాదకులు మాత్రమే యున్నందున, వారి మాట ఎంతవఱకు వారిదో, ఎంతవఱకు మూలకర్తదో తేల్చుట నేటికిని పండితులకు పనిగ నున్నది.

ఇంగ్లీషునందు ఓరిజెను ప్రవేశము పందొమ్మిదవ శతాబ్దమున విరివిగ జరిగెను. స్కాట్లండునందలి ఎడింబరో పట్టణమున రాబర్ట్సు, డొనాల్డ్‌సను అనువారు సంపాదకులుగ, తొలి క్రైస్తవాచార్యుల గ్రంథముల ఇంగ్లీషు అనువాదములు 1867నుండి ఇరువదినాలుగు సంపుటములుగ వెలువడెను. అందు ఓరిజెను గ్రంథములను ఫ్రెడరికు క్రాంబీ అనువదించెను. ఆయన సంపుటములు 1869లోను, 1872లోను వచ్చినవి. పిదప మూలతత్త్వముల గ్రంథమును 1936లో బటర్‌వర్తు, సెల్సుసు ప్రత్యుత్తరమును 1953లో హెన్రీ చాడ్విక్కు, మఱల మూలతత్త్వములను 2017లో జాను బేరు కొత్తగ అనువదించిరి. ఒక గ్రంథమునకు ఇన్ని అనువాదములేల యని విద్యార్థులడుగవచ్చును. మిగిలిన గ్రీకు తునకలను రుఫీనుసు లాటినుతో ఎట్లు పొందుపఱుపవలెనను విషయమున ఒక్కొక్క తరమువారి నిర్ణయము ఒక్కొక్క రీతిగ నున్నది. కావున పని మఱల మొదలగుచున్నది.

నశించినవన్నియు నశించినట్లే కాదు. 1941లో ఐగుప్తునందు కైరో దగ్గఱ తురా అను చోట, యుద్ధావసరములకై గుహలను శుభ్రపఱచుచుండగా పాపిరసు ప్రతులు బయల్పడెను. వానిలో ఓరిజెను ఇతరులతో జరిపిన చర్చ యొకటి కలదు. 2012లో జర్మనీలోని మ్యూనిక్కు గ్రంథాలయమున గ్రీకు వ్రాతప్రతుల పట్టికను తయారుచేయుచుండిన మరీనా మోలిన్ ప్రదెల్ అను పండితురాలు, కర్త పేరు లేని ఒక ప్రతిని చదివి, అది కీర్తనలపై ఓరిజెను చేసిన ఇరువదితొమ్మిది ప్రసంగములని గుర్తించెను. వానిలో కొన్నింటిని రుఫీనుసు పూర్వమే లాటినునకు తెచ్చియుండెను. ఆ లాటినుతో సరిచూచియే ఆమె కర్తను నిర్ధారింపగలిగెను. అనువాదము మూలమును గుర్తించుటకు సాక్ష్యమయ్యెను! ఆ ప్రసంగములు 2020లో ఇంగ్లీషునను వెలువడినవి. ఆ ప్రతి యెన్నో యేండ్లు గ్రంథాలయమందే యుండెను. లేనిది పుస్తకము కాదు, దానిని చదివి గుర్తింపగల మనిషి.

ఇక మన విషయమునకు వత్తము. 1960 ఏప్రిల్ 1వ తేదీన మన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరెను. నేడు తిరువళ్లూరు జిల్లాలోనిది. 2006 నాటి చట్టము ననుసరించి తమిళము నిర్బంధ పాఠ్యమైనది. మేము తమిళమును చదువవలదని ఎన్నడును చెప్పము. పొరుగువాని భాషను నేర్చినవాడు ధనవంతుడు. ఓరిజెను హీబ్రూను నేర్చెను గదా! మా వేదన వేఱు. తమిళము వచ్చెను గనుక తెలుగు అక్షరము లెందుకని కొందఱు తలిదండ్రు లడుగుచున్నారు. అమ్మ మాట నోటితో వచ్చుచున్నది, అది చాలదా యని వారి ప్రశ్న. చాలదని ఓరిజెను కథ చెప్పుచున్నది. చదువువాడు లేని భాషలోని గ్రంథమునకు ప్రతి యెత్తువాడుండడు. ప్రతి యెత్తువాడు లేనినాడు గ్రంథముండదు. తరువాత ఎవ్వరో దయతలచి పరభాషలో నిలిపినను, అందలి మాట ఎంత మనదో చెప్పగలవాడు మిగులడు.

విద్యార్థులారా! రెండు లిపులు నేర్చిన మీకు ఇతరులకు లేని శక్తి కలదు. తెలుగు పద్యమును తమిళ మిత్రునకు, తమిళ పద్యమును తెలుగు మిత్రునకు విప్పి చెప్పగలవారు మీరే. ఆ పని నేటినుండియే మొదలిడుడు. తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ యిండ్లలో అటకలమీదను, పెట్టెలలోను, తాతలనాటి తెలుగు పుస్తకములు, పెండ్లిపాటల వ్రాతప్రతులు, దస్తావేజులు ఉండవచ్చును. చెదలు పట్టకముందే వానిని వెలుపలికి తీయుడు. మీ పిల్లలచేత బిగ్గఱగ చదివింపుడు. ఒక్కొక్క పుటగ శుద్ధప్రతి వ్రాయింపుడు. చదువ చిక్కైన అక్షరములు తటస్థించినపుడు పాఠశాలకు పంపుడు. మేము దగ్గఱ కూర్చుండి చదివింతుము.